ఒక్క అక్షరదోషం లేదు, అయినా దొంగ ఉత్తరమే

ప్రశ్న: నేను విశ్రాంత భాషోపాధ్యాయుణ్ణి. వయసు 68. ముప్ఫై నాలుగేళ్లు పిల్లల పుస్తకాల్లో తప్పులు దిద్దాను. దొంగ మెసేజీల్లో అక్షరదోషాలుంటాయి, వాటిని బట్టి పట్టుకోవచ్చని అందరూ అంటుంటే, ఆ పని నాకంటే బాగా ఎవరు చేస్తారులే అనుకునేవాణ్ణి. పోయిన నెల ఒక మెసేజ్ వచ్చింది. మీ పార్సిల్ మీద చిరునామా అసంపూర్తిగా ఉంది, సరిచేయడానికి కొద్దిపాటి రుసుము కట్టండి అని. నిజంగానే నాకో పార్సిల్ రావాల్సి ఉంది. మెసేజ్‌లో ఒక్క తప్పు లేదు. లింకు నొక్కి కార్డు వివరాలిచ్చాను. మర్నాడు బ్యాంకు నుంచంటూ ఫోన్. మీ కార్డుతో ఎవరో కొనుగోళ్లు చేస్తున్నారు, డబ్బు వెంటనే సురక్షితమైన ఖాతాలోకి మార్చాలి, వచ్చిన ఓటీపీ చదవండి అన్నాడు. సగం అంకెలు చదివేశాను. మా అమ్మాయి ఫోన్ లాక్కుంది కాబట్టి డబ్బు దక్కింది. అప్పటినుంచి ఫోను, ఈమెయిలు తన దగ్గరే ఉంచుకుంటోంది. మెయిల్‌బాక్స్ నిండా చెత్త. ఇంటికొచ్చే టపాలోనూ ‘మీరు బహుమతి గెలిచారు’ అనే ఉత్తరాలే. వీటిని గుర్తుపట్టడం ఎలా? వదిలించుకోవడం ఎలా? అసలు నా బుర్రే మొద్దుబారిందా? పేరు వేయకండి. ఇంకొకటి, ఆ మొదటి మెసేజ్ ఇంకా ఫోన్‌లోనే ఉంది. చెరిపేయమంటారా?

జవాబు: మాస్టారూ, బుర్ర సంగతి ముందు తేల్చేద్దాం. ట్రాయ్ హంట్ అని ఆస్ట్రేలియాకు చెందిన సైబర్ భద్రతా నిపుణుడున్నాడు. మన ఈమెయిల్ చిరునామా ఎక్కడైనా లీకైన జాబితాల్లో ఉందేమో చూసుకునే ‘హ్యావ్ ఐ బీన్ పోన్డ్’ అనే సైటును 2013లో మొదలుపెట్టింది ఆయనే. ఇలాంటి మోసాల గురించి దేశదేశాలు తిరిగి పాఠాలు చెప్పే మనిషి. అలాంటాయన 2025 మార్చిలో, దూరప్రయాణపు బడలికతో ఉన్నప్పుడు, ఒక దొంగ ఈమెయిల్‌ని నమ్మి పాస్‌వర్డ్ కొట్టాడు, దాని వెనకే వన్‌టైమ్ కోడూ కొట్టాడు. ఆయన ఉత్తరాలు అందుకునే సుమారు 16,000 మంది ఈమెయిల్ చిరునామాలు దొంగల పాలయ్యాయి. ఆయన దాచుకోలేదు. ఎక్కడ ఎలా బోల్తా పడ్డాడో వెంటనే బయటికి చెప్పేశాడు. మీరూ ఆయనా ఒకే బడి విద్యార్థులన్నమాట. నేనూ ఆ బడిలో ఒక పూట కూర్చొచ్చినవాణ్ణే, ఆ ముచ్చట తర్వాత చెబుతాను.

ముందు మీకు జరిగింది చూద్దాం. మీకు పార్సిల్ రావాల్సి ఉందని వాళ్లకెలా తెలుసు? తెలియదు. అలాంటి మెసేజ్ వేలూ లక్షల ఫోన్లకు ఒకేసారి వెళ్తుంది. ఏ రోజు చూసినా వాళ్లలో ఎంతోమంది ఏదో ఒక పార్సిల్ కోసం ఎదురుచూస్తూనే ఉంటారు. మిగతావాళ్లు ‘నాకేం పార్సిల్ లేదే’ అని పక్కన పడేస్తారు. మీకు మాత్రం అది మీ కోసమే రాసినట్టు అనిపించింది. రుసుము చిన్నది కావడం కూడా లెక్క ప్రకారమే. చిల్లర డబ్బులకు ఎవరూ రెండోసారి ఆలోచించరు. వాళ్లకు కావలసింది ఆ చిల్లర కాదు, ఆ ఫారంలో మీరు నింపే పేరు, ఫోన్ నంబరు, కార్డు నంబరు. మర్నాడు ఫోన్‌లో ‘బ్యాంకు అధికారి’ మీ పేరూ కార్డు అంకెలూ గడగడా చదివి ఉంటాడు. ఇన్ని తెలిసినవాడు బ్యాంకువాడు కాక ఇంకెవడని మీరు అనుకొని ఉంటారు. ముందురోజు మీరు రాసిచ్చినదాన్నే వాడు మీకు తిరిగి అప్పజెప్పాడు.

పైగా వాడు చెప్పినదాంట్లో సగం నిజమే. మీ కార్డు నిజంగానే ప్రమాదంలో ఉంది. ఆ ప్రమాదం ఫోన్ అవతల కూర్చుని మీతో ‘సార్, సార్’ అంటోంది, అంతే తేడా. పచ్చి అబద్ధాన్ని పట్టుకోవడం తేలిక. సగం నిజం కలిసినప్పుడే కష్టం.

ఇక అక్షరదోషాల పాఠం. అది పూర్తిగా తప్పు పాఠం కాదు, కానీ కాలం చెల్లింది. దూరదేశపు యువరాజు తన కోట్ల ఆస్తిని మీ ఖాతాలో దాస్తానంటూ రాసే ఉత్తరాలు మీరూ చూసే ఉంటారు. అంత వెర్రి కథ ఎందుకల్లుతారా అని మైక్రోసాఫ్ట్ పరిశోధకుడు కార్మాక్ హెర్లీ 2012లో లెక్కగట్టి చూశాడు. ఆయన తేల్చింది ఇదీ: ఉత్తరం పంపడానికి ఖర్చేమీ లేదు, జవాబిచ్చిన ప్రతి ఒక్కరితో రోజుల తరబడి మాట్లాడి డబ్బు దాకా లాక్కురావడమే ఖర్చు. సగం దారిలో అనుమానపడి తప్పుకునేవాడితో వాళ్లకు దండగ. అందుకని కథ ఎంత నమ్మలేనట్టుంటే అంత మంచిది, అది కూడా నమ్మినవాడు చివరిదాకా వస్తాడు. అంటే ఆ వెర్రితనం ఒక జల్లెడ. మనలాంటివాళ్లు జల్లెడలోంచి కిందికి జారిపోయి, ‘నన్నెవడు మోసం చేస్తాడులే’ అని ధీమాగా బతికేశాం.

మీకొచ్చిన మెసేజ్‌కి జల్లెడతో పనిలేదు. అక్కడ మీతో మాటలు పెట్టుకునేవాడెవడూ లేడు, లింకే అన్నీ చేస్తుంది. కాబట్టి అది ఎంత నున్నగా ఉంటే అంతమంది పడతారు. అసలు కంపెనీ పంపిన మెసేజ్‌నే కాపీ కొట్టి లింకు ఒక్కటి మార్చేస్తే తప్పులెక్కడినుంచి వస్తాయి? ఇప్పుడు కృత్రిమ మేధ కూడా చేతికొచ్చింది. ఏ భాషలో కావాలంటే ఆ భాషలో, మీరు మార్కులు వేయక తప్పని వాక్యాలు రాసిస్తుంది. నిజమైన ఆఫీసుల నుంచి వచ్చే ఉత్తరాల్లోనే ఎక్కువ తప్పులు కనిపిస్తున్నాయని నా అనుమానం.

అందుకని ఉత్తరాన్ని దిద్దడం మానేయండి మాస్టారూ. అది దొంగదా, దొరదా అని తేల్చే పని మీది కాదు. ఆ పని నెత్తిన వేసుకున్న పెద్ద పెద్దవాళ్లే తప్పులో కాలేశారు. 2016లో అమెరికా అధ్యక్ష ఎన్నికలప్పుడు హిల్లరీ క్లింటన్ ప్రచార సారథి జాన్ పొడెస్టాకు గూగుల్ పంపినట్టుగా ఒక ఈమెయిల్ వచ్చింది. ఎవరో మీ పాస్‌వర్డ్ దొంగిలించారు, వెంటనే మార్చుకోండి అని. సిబ్బందికి అనుమానం వచ్చి సాంకేతిక సహాయకుణ్ణి అడిగారు. అంతవరకు ఎంత బుద్ధిగా నడుచుకున్నారో చూడండి. ఆయన ‘ఇది అసలైన మెయిలే, పాస్‌వర్డ్ మార్చాల్సిందే’ అని రాసి, గూగుల్ అసలు లింకు కూడా ఇచ్చాడు. దొంగది అని రాయబోయి పొరపాటున అసలైనది అని కొట్టానని తర్వాత చెప్పుకున్నాడు. పొరపాటే అనుకుందాం. అప్పటికీ ఆయనిచ్చిన లింకు నొక్కి ఉంటే ఏ నష్టమూ జరిగేది కాదు. నొక్కింది మాత్రం దొంగ మెయిల్‌లో ఉన్న లింకుని. ఏళ్ల నాటి ఉత్తరాలన్నీ బయటపడి ప్రపంచమంతా చదివింది.

ఈ కథలో నాకు ముఖ్యమనిపించేది ఆ అక్షరదోషం కాదు, లింకు. నిర్ధారణ తప్పినా దారి సరైనదైతే వాళ్లు గట్టెక్కేవాళ్లు. మీరు పెట్టుకోవాల్సిన అలవాటు కూడా అదొక్కటే: వచ్చిన దారిలో జవాబివ్వకండి, మీకు తెలిసిన దారిలో మీరే వెళ్లండి. పార్సిల్ గురించి మెసేజ్ వస్తే, దాన్ని మూసేసి, కొన్నచోటి యాప్ మీరే తెరిచి ఆర్డరు ఎక్కడుందో చూడండి. బ్యాంకు నుంచి ఫోనొస్తే, పెట్టేసి, కార్డు వెనక ఉన్న నంబరుకు మీరే చేయండి. ఈమెయిల్‌లో ఖాతా మూతపడుతుందని ఉంటే, లింకు జోలికి పోకుండా చిరునామా మీ చేత్తో టైపు చేసి లోపలికెళ్లండి. నిజమైన కబురైతే అక్కడా కనిపిస్తుంది. అబద్ధమైతే కనిపించదు. రెండింట్లో ఏదైనా మీకు పోయేది ఐదు నిమిషాలు.

‘మరి పంపినవారి పేరు స్పష్టంగా బ్యాంకు అనే ఉంది కదా’ అంటారేమో. ఈమెయిల్ ఒక చోటినుంచి ఇంకో చోటికి వెళ్లే పద్ధతిని 1982లో రాశారు. అప్పట్లో ఆ నెట్‌వర్కులో ఉన్నవాళ్లంతా దాదాపు ఒకరికొకరు ఎరిగున్న పరిశోధకులే. అందువల్ల పంపేవాడు పేరు నిజం చెబుతున్నాడా లేదా అని అడిగే ఏర్పాటే అందులో లేదు. కవరు వెనక ‘పంపువారు’ అన్నచోట మనం ఏం రాసినా పోస్టు డబ్బా మింగేస్తుంది చూడండి, అచ్చం అలాగే. తర్వాత తనిఖీలు ఒక్కొక్కటే అతికించుకుంటూ వచ్చారు. జీమెయిల్, యాహూ లాంటివి పెద్దఎత్తున మెయిల్స్ పంపేవాళ్లకు ఆ తనిఖీలు తప్పనిసరి చేసింది 2024లో. అది కూడా చిరునామా దాకానే. దాని ముందు కనిపించే పేరుని ఎవరైనా ఏదైనా పెట్టుకోవచ్చు. కాబట్టి పేరు మీద వేలు పెట్టి, వెనకున్న అసలు చిరునామా చూడండి. అది తేడాగా ఉంటే చెత్తబుట్టలో వేయండి. సరిగ్గా ఉందని మాత్రం నమ్మకండి.

ఫోన్ నంబరు సంగతీ అంతే. తెరమీద కనిపించే నంబరు ఫోన్ చేసేవాడి వైపునుంచి వచ్చే సమాచారం. ఇంటర్నెట్ ద్వారా చేసే కాల్స్‌లో దాన్ని మార్చడం పెద్ద విద్యేమీ కాదు. కార్డు వెనకున్న నంబరే మీ తెరమీద కనిపించినా అది బ్యాంకని అర్థం కాదు. మీరు ఆ నంబరుకు చేస్తే మాత్రం బ్యాంకుకే వెళ్తుంది. ఈ రెండింటి తేడా ఒక్కటి పట్టుకుంటే చాలు. ఎస్సెమ్మెస్‌లో ఇంకో మాయ ఉంది. పంపినవారి పేరు ఒకేలా ఉంటే, బ్యాంకు పంపిన పాత మెసేజీల కిందే దొంగ మెసేజ్ కూడా వరుసలో కూర్చుంటుంది. ఫోన్ పేరు చూసి జతచేస్తుంది తప్ప మనిషిని చూసి కాదు. పాత ల్యాండ్‌లైన్ వాడుతుంటే, కొన్నిచోట్ల అవతలివాడు పెట్టేయకపోతే లైను తెగదు. మీరు మళ్లీ డయల్ చేశాననుకుంటారు, వాడే పలుకుతాడు. అందుకని వేరే ఫోన్ నుంచి చేయడం మేలు.

లింకు చదవడం కూడా నేర్చుకోండి, మీకది సరదాగా ఉంటుంది. మన పేర్లలో ఇంటిపేరు ముందుంటుంది కదా, వెబ్ చిరునామాలో ఇంటిపేరు చివరుంటుంది. మొదట్లో వచ్చే జంట గీతలు దాటాక, ఆ తర్వాతి మొదటి ఏటవాలు గీత దగ్గర ఆగండి. గీతే లేకపోతే చిరునామా అయిపోయే చోటే ఆగండి. అక్కడినుంచి వెనక్కి, చుక్కల మధ్య ఉండే ముక్కలు రెండు చదవండి. అదే ఆ సైటు ఇంటిపేరు. కొన్ని దేశాల చిరునామాల్లో తోక, అంటే ‘కామ్’ ఉండేచోటు, రెండు ముక్కలుంటుంది, అప్పుడు మూడు చదవాలి. ‘మీబ్యాంకు డాట్ కామ్ స్లాష్ లాగిన్’ అంటే ఇంటిపేరు మీబ్యాంకు డాట్ కామ్, బాగానే ఉంది. ‘మీబ్యాంకు డాట్ కొత్తసేవ డాట్ కామ్’ అంటే? ఇంటిపేరు కొత్తసేవ డాట్ కామ్. ముందున్న ‘మీబ్యాంకు’ అనేది ఆ ఇంటివాడు తన గదికి పెట్టుకున్న ముద్దుపేరు. ఎవడైనా తన గదికి ఏ పేరైనా పెట్టుకుంటాడు, అడిగేవాడుండడు.

థకి, ధకి మధ్య తేడాను కళ్లద్దాలు లేకుండా పట్టే మీకు కూడా దొరకని దోషాలు ఇక్కడ ఉంటాయి. ఇంగ్లిషు ఆర్, ఎన్ అక్షరాలు పక్కపక్కన పెడితే చిన్న తెరమీద ఎమ్ లాగే కనిపిస్తాయి. రష్యన్ లిపిలోని ‘అ’ అక్షరం చూపుకి అచ్చం ఇంగ్లిషు ‘ఎ’లాగే ఉంటుంది, కంప్యూటరుకి మాత్రం వేరే అక్షరం. కంటికి ఆనని తప్పుని కన్ను ఎలా దిద్దుతుంది? అందుకే ఈ పని పాస్‌వర్డ్ మేనేజర్‌కి అప్పగించమంటాను. ఏ సైటు పాస్‌వర్డ్ ఏమిటో అది గుర్తుపెట్టుకుని, సరిగ్గా ఆ సైటులోనే నింపుతుంది. నకిలీ సైటులో నోరు మెదపదు. హంట్‌గారి విషయంలోనూ అది మెదపలేదు, ఆయనే చేత్తో కొట్టాడు. పాస్‌వర్డ్ తనంతట తాను పడకపోతే, విసుక్కోకుండా అక్కడ ఆగండి. చిరునామా పక్కన తాళం బొమ్మ ఉందిగా అనే ధైర్యం కూడా వద్దు. మధ్యలో ఎవరూ వినడం లేదని చెప్పడానికే ఆ తాళం, అవతల ఉన్నది ఎవరో చెప్పడానికి కాదు. జనం దాన్ని భద్రతా ముద్ర అనుకుంటున్నారని గూగుల్ క్రోమ్ 2023లో ఆ బొమ్మనే తీసేసింది.

ఇప్పుడు నా ముచ్చట. పని మీద పని పడి ఊపిరాడని ఒక సాయంత్రం మా పై అధికారి పేరుతో మెయిల్ వచ్చింది. ‘మీటింగులో ఉన్నాను, ఫోన్ ఎత్తలేను, ఒక చిన్న పని చేసిపెట్టాలి’ అని. నేను వెంటనే ‘చెప్పండి సార్’ అన్నాను. గిఫ్ట్ కార్డులు కొని, వెనక గీకి, ఆ కోడ్లు ఫొటో తీసి పంపమన్నాడు. అందులో వింతేమిటో నాకు తట్టలేదు సరికదా, ‘ఎన్ని కావాలి సార్?’ అని కూడా అడిగాను. పర్సు తీసుకుని మెట్లు దిగుతుంటే ఎదురుగా ఆ సారే టీ గ్లాసుతో పైకొస్తున్నాడు. ఆ టీ నన్ను కాపాడింది. తెలివితేటలు కాపాడాయని చెప్పుకునే ధైర్యం ఇప్పటికీ లేదు.

ఇంత చెప్పడం ఎందుకంటే, కథలు మారుతుంటాయి కానీ చివర్లో అడిగేవి మారవు. వాటిని గుర్తుపెట్టుకుంటే కథ వినాల్సిన పనే ఉండదు. ఓటీపీ చదవమని ఏ బ్యాంకూ ఫోన్ చేయదు. ఓటీపీ వచ్చిన మెసేజ్‌ని అంకెల దగ్గర ఆగిపోకుండా మొత్తం చదవండి, అది దేనికోసమో, ఎవరికీ చెప్పొద్దనో అక్కడే రాసి ఉంటుంది. ‘సురక్షితమైన ఖాతా’ అనేది లోకంలో లేదు. మీ డబ్బు ఉన్న ఖాతాను బ్యాంకు ఉన్నచోటే బిగించగలదు, వేరేచోటికి తరలించమనదు. మీ కంప్యూటరు బాగుచేస్తాం, ఈ యాప్ వేసుకుని తెర మాకు చూపించండి అనేవాడు మీ ఇంటి తాళాలు అడుగుతున్నట్టు. డబ్బు రావాలంటే ముందు పిన్ కొట్టాలనేది అబద్ధం, డబ్బు పుచ్చుకోవడానికి ఎక్కడా పిన్ అక్కర్లేదు. జరిమానా, పన్ను గిఫ్ట్ కార్డుల్లో కట్టించుకునే ప్రభుత్వం ఏ దేశంలోనూ లేదు. వీడియో కాల్‌లో పోలీసు దుస్తులేసుకుని, నిన్ను అరెస్టు చేశాం, గదిలోంచి కదలకు అనేవాడు వేషగాడు. వీటన్నిటికంటే పెద్ద గుర్తు ఇంకోటుంది: ‘ఈ సంగతి ఇంట్లో చెప్పకండి, ఫోన్ పెట్టకండి.’ ఈ మాట నిజమైన ఏ అధికారికీ అవసరం రాదు. నేనే తిరిగి చేస్తానంటే అసలు బ్యాంకువాడు మంచిదంటాడు. దొంగకే గొంతు మారుతుంది.

గొంతు అంటే గుర్తొచ్చింది. ఇప్పుడు కాస్త రికార్డింగు దొరికితే చాలు, మనిషి గొంతును అనుకరించే పరికరాలున్నాయి. ‘నాన్నా, ప్రమాదంలో ఇరుక్కున్నాను, డబ్బు పంపించు’ అని అచ్చం మీ అమ్మాయి గొంతుతోనే వినిపించొచ్చు. గొంతే కాదు, మొహాలూ అంతే. 2024లో హాంకాంగ్‌లో ఆరప్ అనే ఇంజనీరింగ్ సంస్థ ఉద్యోగికి ఆర్థిక విభాగం పెద్ద పేరుతో రహస్య లావాదేవీ చేయమని కబురొచ్చింది. మొదట ఆయనా అనుమానించాడు. తర్వాత వీడియో సమావేశంలో పై అధికారి, సహోద్యోగులు అందరూ కనిపించి మాట్లాడేసరికి నమ్మాడు. తెరమీద ఉన్నవాళ్లంతా నకిలీ బొమ్మలే. పోయింది సుమారు రెండున్నర కోట్ల డాలర్లు. ఇంత పెద్ద మాయకి మందు చాలా చిన్నది: ఇంట్లో అందరూ కలిసి ఒక గుర్తుమాట అనుకోండి. పుట్టినరోజులు, పెంపుడు కుక్క పేర్లు వద్దు, అవి బయట దొరుకుతాయి. ఎవరికీ తట్టని పిచ్చిమాటేదైనా పెట్టుకోండి. డబ్బడిగే గొంతు ఆ మాట చెప్పలేకపోతే ఫోన్ పెట్టేసి అమ్మాయి నంబరుకు మీరే చేయండి.

రోజువారీ కాల్స్‌కి ఇంత ఆలోచన అక్కర్లేదు. తెలియని నంబర్లు ఎత్తకపోయినా కొంప మునగదు, నిజంగా పనున్నవాడు మెసేజ్ పెడతాడు. ఎత్తినా పాఠం చెప్పబోకండి మాస్టారూ, మీకా అలవాటుంటుందని తెలుసు. వాడితో వాదిస్తే మీ నంబరు పలికే నంబరని ఒప్పుకున్నట్టే. ఒక్క రింగిచ్చి ఆపేసే విదేశీ నంబర్లకు తిరిగి చేయకండి. అవి నిమిషానికి ఎక్కువ వసూలు చేసే లైన్లు. ఈ కిటుకు పుట్టిన జపాన్‌లో దీన్ని ‘వాన్‌గిరి’ అంటారు, ఒకసారి మోగించి కోసేయడం అని అర్థం.

మెయిల్‌బాక్స్ చెత్తకి వద్దాం. ఈ పిలవని పేరంటానికి ఒక పుట్టినరోజు కూడా ఉంది. 1978 మే 3న డీఈసీ అనే కంప్యూటర్ల కంపెనీ తరఫున గ్యారీ థర్క్ అనే ఉద్యోగి ఇంటర్నెట్‌కు మూలమైన అప్పటి నెట్‌వర్కు ఆర్పానెట్‌లో సుమారు 400 మందికి ఒకే ప్రకటన పంపాడు. చాలామంది మండిపడ్డారు, కానీ కొన్ని కంప్యూటర్లు అమ్ముడుపోయాయని ఆయన తర్వాత చెప్పుకున్నాడు. ఆ రెండో ముక్క వల్లే ఇవాళ మీ మెయిల్‌బాక్స్ ఇలా ఉంది.

మీ చెత్తను రెండు కుప్పలుగా వేయండి. ఒకటి, మీరెప్పుడో కొన్న దుకాణాలు, చందా కట్టిన పత్రికలు పంపేది. ఇది విసుగు తెప్పిస్తుంది కానీ మోసం కాదు. దీనికి అడుగున ఉండే ‘అన్‌సబ్‌స్క్రైబ్’ నొక్కండి, లేదా మెయిల్ యాప్ పైభాగంలో పంపినవారి పేరు పక్కనే చూపించే అదే బటన్ వాడండి, అది ఇంకా భద్రం. రోజుకి ఐదు చొప్పున నొక్కుకుంటూ పోతే నెలలో సగం ఖాళీ అవుతుంది. రెండో కుప్ప, మీరెరగనివాళ్లు పంపేది. ఇందులో అన్‌సబ్‌స్క్రైబ్ నొక్కకండి. ‘ఈ చిరునామాలో మనిషున్నాడు, చదువుతున్నాడు’ అని మీరే కబురు పంపినట్టవుతుంది. ‘స్పామ్’ అని గుర్తు పెట్టి వదిలేయండి. ఉత్తినే చెరిపేయడం కంటే ఇదే మంచిది, ఎందుకంటే జల్లెడ పట్టే యంత్రం మీరు పెట్టే గుర్తుల్ని చూసే నేర్చుకుంటుంది. కొన్నిసార్లు మంచి ఉత్తరాన్ని కూడా పొరపాటున ఆ సంచిలో వేస్తుంది కాబట్టి వారానికోసారి తొంగిచూడండి.

సెట్టింగ్స్‌లో బయటి బొమ్మలు వాటంతటవి తెరుచుకోకుండా ఆపేయండి. కొన్ని మెయిల్స్‌లో కంటికి కనిపించనంత చిన్న బొమ్మ ఒకటి దాస్తారు, అది తెరుచుకోగానే మీరు మెయిల్ చూసిన సంగతి వాళ్లకు తెలిసిపోతుంది. కొనుగోళ్లకు, ఫారాలు నింపడానికి వేరే ఈమెయిల్ ఒకటి తెరిచి, బ్యాంకు పనులకు వాడేదాన్ని ఎక్కడా ఇవ్వకపోవడం ఇంకా హాయి.

కాగితం ఉత్తరాలకు ఒక్క ప్రశ్న చాలు: మీరు టికెట్టే కొనని లాటరీలో ఎలా గెలిచారు? గెలిచినవాడు ఎదురు రుసుము ఎందుకు కట్టాలి? ఒక్కసారి కడితే మీ పేరు ‘ఇతను కడతాడు’ అనే జాబితాలోకి ఎక్కుతుంది, ఆ జాబితా చేతులు మారుతుంది, ఉత్తరాలు రెట్టింపవుతాయి. పారేసేముందు పేరు, చిరునామా ఉన్న ముక్క చింపేయండి. మీరు ఆర్డరు చేయని పార్సిల్ వచ్చి, లోపల ‘ఎవరు పంపారో తెలుసుకోండి’ అంటూ క్యూఆర్ కోడ్ ఉంటే స్కాన్ చేయకండి. అది కూడా లింకే, చదవడానికి వీల్లేని లింకు.

ఇంకో మాట. ఓటీపీ సగంలో ఆగిందని రాశారు, కార్డు సంగతి రాయలేదు. ఆ ఫారంలో కార్డు నంబరు ఇచ్చేశారు కాబట్టి అది మీ చేతిలో లేనట్టే. ఇంకా ఆపించకపోతే ఈ జవాబు చదవడం ఆపి బ్యాంకుకు ఫోన్ చేయండి, ఇక్కడే ఉంటాను. ఆ ఫారంలో పాస్‌వర్డ్ కూడా ఏదైనా కొట్టి ఉంటే, అదే పాస్‌వర్డ్ ఎక్కడెక్కడ వాడారో అక్కడంతా మార్చండి. ముందుగా ఈమెయిల్‌ది, ఎందుకంటే మిగతా పాస్‌వర్డ్‌లన్నీ మార్చుకునే లింకులు వచ్చేది దానికే. మార్చాక అన్ని పరికరాల నుంచీ లాగౌట్ చేయించండి. తర్వాత మెయిల్ సెట్టింగ్స్‌లో ‘ఫార్వర్డింగ్’ అన్నచోట ఎవరి చిరునామా అయినా చేరి ఉందేమో చూడండి. ఇది చాలామంది చూడరు. దొంగ ఒక్కసారి లోపలికొచ్చి ఆ గొట్టం తగిలించి వెళ్తే, మీరు పాస్‌వర్డ్ మార్చినా మీ ఉత్తరాలు వాడికి పోతూనే ఉంటాయి. ఆ కాల్‌లో ఏదైనా యాప్ వేయించి ఉంటే ముందు ఇంటర్నెట్ ఆపి, ఆ యాప్ తీసేసి, పాస్‌వర్డ్‌లు వేరే ఫోన్ నుంచి మార్చండి.

కొన్నాళ్లకు ఇంకో ఫోన్ రావచ్చు. ‘మిమ్మల్ని మోసం చేసినవాళ్లను పట్టుకున్నాం, మీ వివరాలు వాళ్ల దగ్గర దొరికాయి, కేసు ఖర్చులకు కొంత కట్టండి’ అని. అది ఆ ముఠానే, లేదా వాళ్ల దగ్గర మీ నంబరు కొన్నవాళ్లు.

ఈ రెండు పేరాలు మీ అమ్మాయికి చదివి వినిపించండి. అమ్మా, నాన్నగారి చేతిలోంచి ఫోన్ లాక్కున్న ఆ క్షణంలో నువ్వు చేసింది నూటికి నూరుపాళ్లు సరైనది. నెల తర్వాత కూడా తిరిగివ్వకపోవడం సరైనది కాదు. ఆయన చేసిన తప్పుకి శిక్షగా ఫోన్ పోయిందని ఆయన మనసులో పడితే, ఈసారి అనుమానం వచ్చినా నీకు చెప్పరు. దొంగలు ‘ఇంట్లో చెప్పకండి’ అని బతిమాలి సాధించేదాన్ని మనమే వాళ్ల చేతిలో పెట్టినట్టవుతుంది.

బదులుగా బ్యాంకుకు కలిసి వెళ్లండి. రోజుకి ఇంతకు మించి బదిలీ కాకూడదని పరిమితి తగ్గించండి. కొత్త ఖాతాకి డబ్బు వెళ్లాలంటే కొంత సమయం పట్టే ఏర్పాటు ఉంటే పెట్టించండి. లావాదేవీల మెసేజీలు నీకు కూడా వచ్చేలా చూడు, నీ ఖాతావి ఆయనకు వెళ్లేలా కూడా చూడు. బ్యాంకు నంబరు ఆయన ఫోన్‌లో నువ్వే కార్డు చూసి దాచిపెట్టు. ఎవరికి అనుమానం వచ్చినా రెండోవాళ్లని అడగాలి, అడిగినందుకు రెండోవాళ్లు నవ్వకూడదు. ఈ ఒప్పందం నీకూ వర్తిస్తుంది. రోజంతా పనిచేసి అలిసిపోయి మెసేజీలు చూసుకునేది ఎక్కువగా నువ్వే.

ఇక మాస్టారూ, ఆ మెసేజ్ సంగతి. ఇప్పుడే చెరపకండి. పంపిన నంబరు, తేదీ, సమయం కనిపించేలా స్క్రీన్‌షాట్ తీయండి, మర్నాటి కాల్ వివరాలున్న పేజీదీ ఒకటి తీయండి. రెండూ బ్యాంకుకూ పోలీసుల సైబర్ విభాగానికీ ఇవ్వండి. డబ్బు పోకపోయినా తీసుకుంటారు, అదే నంబరు మీద ఇంకెవరిదో పోయి ఉండొచ్చు. తర్వాత దాన్ని స్పామ్‌గా రిపోర్ట్ చేసి తీసేయండి. ఈలోగా ‘ఇప్పుడు నొక్కితే ఏమవుతుందో’ అని మాత్రం ఆ లింకు ముట్టుకోకండి.